హనీఫా ఇంటి మీద కంబం

పొద్దున్నే జొన్నరొట్టె కొట్టేటప్పుడు హనీఫాకు రెండే చప్పుళ్లు వినబడతాయి. ఒకటి తన అరచేతి చప్పుడు, రెండోది ముందుగదిలో యాకూబ్ రేడియో గొణుగుడు. ఆ రోజు మూడోది కూడా వినబడింది. నెత్తి మీద, సరిగ్గా వంటింటి పైన, ఎవరో అటూ ఇటూ నడుస్తున్నారు. ఎవరో ఏమిటి, కూతురు తాహేరానే. ఇంకా ఆరు కూడా కాలేదు, చాయ్ నోట్లో పోసుకోకుండానే మిద్దె ఎక్కింది.

"హనీఫా, నీ బిడ్డను కిందికి దిగుమను" అన్నాడు యాకూబ్ ముందుగదిలోంచి.

తాహేరా ఫస్టు క్లాసులో పాసైనప్పుడు ఆయనకు 'నా బిడ్డ'. మాట వినకపోతే మాత్రం 'నీ బిడ్డ'. ఇరవయ్యేడేళ్లుగా హనీఫా ఈ పంపకానికి అలవాటు పడిపోయింది. కానీ రెండు నెలల నుంచి తాహేరా ఒక్క పూట కూడా తండ్రి వాటాకు పోలేదు. ఇరవైనాలుగ్గంటలూ తల్లి బిడ్డే.

షాద్‌నగర్ రైల్వే స్టేషన్ అవతల, బండరాళ్ల మిట్ట మీద ఉంటుంది ఆ ఇల్లు. ఊళ్లో ఎవరినడిగినా 'వైర్‌లెస్ యాకూబ్ ఇల్లు' అని చెయ్యి చూపిస్తారు. యాకూబ్ ముప్ఫై మూడేళ్లు పోలీసు శాఖలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఆ ఇంట్లో మాట సగం ఉర్దూ, సగం తెలుగు; తల్లి అమ్మీ, తండ్రి అబ్బా. కోపం వస్తే మాత్రం అంతా తెలుగే, ఎందుకంటే యాకూబ్‌కు కోప్పడడం నేర్పింది పోలీసు స్టేషన్లు.

తాహేరా ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసింది. ఐదేళ్లు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేసింది, పొద్దున ప్యాసింజర్‌లో పోయి సాయంత్రం ప్యాసింజర్‌లో వచ్చేది. ఫ్యాక్టరీల మధ్య రేడియో సెట్లు బిగించడం ఆ కంపెనీ పని. అంతకు ముందు ఏడు, తొంభై ఎనిమిదిలో, ప్రభుత్వం ఇంటర్‌నెట్ సేవ ప్రైవేటు వాళ్లు కూడా నడుపుకోవచ్చని చెప్పేసరికి తాహేరా ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి కూర్చుంది. పాలిటెక్నిక్‌లో తనతో చదివిన మంజులతను జత చేసుకుంది. ఇద్దరూ కలిసి సొంతంగా ఇంటర్‌నెట్ పెడతామన్నారు. అప్పటికి షాద్‌నగర్‌లో సగం మందికి ఆ మాట పలకడమే రాదు.

హనీఫాకూ మొదట అర్థం కాలేదు. ఒకరోజు తాహేరా తల్లిని మిద్దె మీదికి తీసుకుపోయి చూపించింది. కొత్తూరు వైపు ఫ్యాక్టరీల గొట్టాలు వరసగా కనబడుతున్నాయి. ఆ ఫ్యాక్టరీల వాళ్లందరికీ కంప్యూటర్లున్నాయి గానీ ఫోను తీగలు అక్కరకు రావట, నాలుగు చినుకులు పడితే లైనులో గరగర తప్ప ఏమీ రాదట. హైదరాబాద్ నుంచి ఒక మంచి లైను ఈ ఇంటిదాకా తెచ్చుకుంటే, ఇక్కడినుంచి ఫ్యాక్టరీలకు తీగ అక్కర్లేకుండా గాలిలోనే పంపించవచ్చట. ఈ మిద్దె మీద ఒక ఎత్తయిన కంబం, దాని కొసకు ఒక ఆంటెన్నా, ఆ ఫ్యాక్టరీ కప్పు మీద ఇంకో ఆంటెన్నా. రెండూ ఒకదాన్నొకటి చూసుకోవాలి, మధ్యలో ఏదీ అడ్డం రాకూడదు. అంతే పని. మంజులత వాళ్ల మిద్దె ఎక్కితే రైసు మిల్లు గోడ తప్ప ఏమీ కనబడదు. ఊరు మొత్తం మీద అన్ని గొట్టాలూ కనబడేది ఈ ఒక్క ఇంటి మీదినుంచే.

"నీకు ఎదురింటి భీమయ్య బర్రెలు కనబడ్తయి, నాకు మన రోజీ, మన బతుకుదెరువు కనబడ్తది అమ్మీ" అని నవ్వింది తాహేరా. పదేళ్ల తర్వాత ఆ పిల్ల అలా నవ్వడం చూసింది హనీఫా. ఇంటర్‌నెట్ అంటే ఏమిటో అర్థమైనా కాకపోయినా, ఆ నవ్వు మాత్రం ఆమెకు బాగా అర్థమైంది.

ఇద్దరు ఆడపిల్లలూ తిరగని ఆఫీసు లేదు. ఢిల్లీ నుంచి ముద్ర పడ్డ లైసెన్సు కాగితం వచ్చింది. ఇక మిగిలింది కంబం లేపడానికి అనుమతి. దానికి స్థలం యజమాని సమ్మతి పత్రం కావాలి, స్టాంపు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఏప్రిల్ రెండో శుక్రవారంలోపు హైదరాబాద్ ఆఫీసులో అందకపోతే దరఖాస్తు చెల్లదు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. అంతవరకు ఆగే గిరాకీ లేదు. మొట్టమొదట ఒప్పుకున్న కోళ్లదాణా ఫ్యాక్టరీ మేనేజరు, జూన్‌లో మీ లైను రాకపోతే పట్నం కంపెనీకి ఇచ్చేస్తానని ముఖం మీదే చెప్పాడు.

సంతకం పెట్టవలసిన యాకూబ్ మాత్రం పెట్టనంటే పెట్టనన్నాడు. అరవలేదు, కొట్టలేదు. కాగితం ముందు పెడితే కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకునేవాడు. కళ్లద్దాలు లేకపోతే ఆయనకు సంతకం గీత కనబడదు. రెండు నెలలు ఇలాగే నడిచింది. తండ్రికి మొండితనం తక్కువ కాదు, బిడ్డకు అంతకన్నా తక్కువ కాదు. ఇద్దరికీ అన్నం వడ్డించే హనీఫా ఒక్కతే మధ్యలో నలిగింది.

ఆయన భయం దేనికో హనీఫాకు తెలియనిది కాదు. పదిహేనేళ్ల కిందట ఆలేరులో ఉన్నప్పుడు రజాక్ అనే రేడియో మెకానిక్ ఇంటి మీద పోలీసులు పడ్డారు. అతను సొంతంగా ఒక సెట్టు తయారు చేసుకుని పక్క ఊళ్లో ఉన్న స్నేహితుడితో మాట్లాడుతున్నాడని ఎవరో చెప్పారు. ఆ దాడికి యాకూబ్‌ను కూడా తీసుకుపోయారు. పదకొండు రోజులు రజాక్‌ను స్టేషన్‌లో ఉంచుకున్నారు. బయటికి వచ్చాక అతని దుకాణం నడవలేదు, వాళ్లు ఊరే విడిచిపెట్టి పోయారు. దాడి జరిగిన రోజు ఇంటికొచ్చిన యాకూబ్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎందుకని అడిగితే కడుపులో బాగాలేదన్నాడు. అప్పటినుంచి ఇంట్లో వైర్‌లెస్ మాట ఎత్తితే చాలు, ఆయన ముఖం మారిపోతుంది.

గడువు శుక్రవారం రానే వచ్చింది. ఇందాక మిద్దె మీద నడిచిన అడుగులు ఆ రోజువే. ఎనిమిదింటికి మంజులత స్టాంపు కాగితం పట్టుకుని వచ్చింది. పది గంటల ప్యాసింజర్‌కు పోతే గానీ ఆఫీసు మూసేలోగా అందుకోలేరు. తాహేరా మిద్దె దిగి వచ్చి కాగితం, కలం తండ్రి ముందు పెట్టింది. యాకూబ్ మామూలుగానే కళ్లద్దాలు తీశాడు. తాహేరా ఈసారి వాటిని ఆయన చేతిలోంచి తీసుకుని మళ్లీ ఆయన ముక్కు మీద పెట్టింది. హనీఫా వంటింటి గడపలో నిలబడి చూస్తూ, ఇక అయిపోయిందనుకుంది.

యాకూబ్ లేచి నిలబడ్డాడు. "నేను బతికుండంగ ఈ ఇంటి మీద కంబం లేవదు. నేను పోయినంక ఏమన్న పెట్టుకో."

"దొంగతనంగ పెడ్తలేను అబ్బా. ఢిల్లీ ముద్ర పడ్డ కాగితం నీకు సదివి వినిపించిన."

"ముద్ర నాకు తెల్వదా? ఆ కాగితం సదివెటోళ్లు ఇంటికి రారు బిడ్డా. ఇంటికి వచ్చెటోళ్లు సదువరు." ఆయన మంజులత వైపు చూశాడు. "గీ పిల్ల ఇంటి మీద కంబం ఉంటె అది ఉత్త కంబమే. మనింటి మీద ఉంటె, ఎవరితోని మాట్లాడుతున్నరని అడుగుతరు. నేను ముప్పై మూడేండ్లు గా దిక్కునుంచి చూసిన."

మంజులత తల దించుకుంది. అది నిజమేనని ఆ పిల్లకూ తెలుసు.

తాహేరా గొంతు మాత్రం తగ్గలేదు. "అడగనియ్. చెప్త. అడుగుతరని ముందుగాలనే నోరు మూస్కోని కూసుంటె, వాళ్లు అడగకముందే మనం తప్పు ఒప్పుకున్నట్టు గాదా?"

యాకూబ్ కాగితాన్ని వేలితో ఆమె వైపు జరిపాడు. ఇంటాయన సంతకం కావాలి గదా, ఇంటాయన పెట్టడు, పోయి వాళ్లకు అదే చెప్పుకోమన్నాడు.

తాహేరా ఏడవలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. పాత కంపెనీ వాళ్లు ఇంకా పిలుస్తూనే ఉన్నారు, సోమవారం నుంచి పోతానని మంజులతతో నెమ్మదిగా అంది. ఆ నెమ్మదే హనీఫా గుండెను పిండేసింది. ఈ పిల్ల మళ్లీ పొద్దున ప్యాసింజర్ ఎక్కుతుంది, సాయంత్రం ప్యాసింజర్ దిగుతుంది, జీవితంలో ఇంకెప్పుడూ మిద్దె ఎక్కదు. హనీఫాకు అది కళ్ల ముందు కనబడింది.

ఆమె చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుని గదిలోకి వచ్చింది. తండ్రీబిడ్డల మాటల మధ్యకు రావడం ఆమెకు అలవాటు లేదు, అందుకని అందరూ ఆమె చాయ్ తెచ్చిందేమోనని చూశారు.

"మంజులా, గా కాగితంల ఇంటాయన అని ఉన్నదా? ఒక్కసారి సరిగ్గ సదువు."

మంజులత సంచిలోంచి తీసి మడతలు విప్పింది. "ఇంటాయన అని లేదు అమ్మీ. స్థలం యజమాని అని ఉన్నది. జాగా ఎవరి పేరు మీద ఉంటె వాళ్లు."

హనీఫా లోపలికి పోయింది. ఇనుప పెట్టె మూత తెరిచిన చప్పుడు వినబడింది. తిరిగి వచ్చేటప్పటికి ఆమె చేతిలో పాతబట్టలో చుట్టిన రెండు కాగితాలున్నాయి. ఒకటి ఉర్దూలో రాసిన నిఖానామా, అంటే పెళ్లి కాగితం, రెండోది జాగా రిజిస్ట్రీ కాగితం. రెండిటినీ స్టాంపు కాగితం పక్కన పెట్టింది. యాకూబ్ వాటిని చూసి మెల్లగా మళ్లీ కూర్చున్నాడు.

పెళ్లినాడు భర్త భార్యకు ఇస్తానని కాజీ ముందు రాసిచ్చేది మెహర్. అరవై అయిదులో వాళ్ల పెళ్లప్పుడు యాకూబ్ తండ్రి దగ్గర రూపాయి లేదు. ఎవరూ కొనని బండల మిట్ట మీద రెండు వందల గజాల జాగా మాత్రం ఉంది. అదే మెహర్ కింద కోడలి పేరు మీద రిజిస్ట్రీ చేయించాడు. ఆ తర్వాత యాకూబ్ జీతంలోంచి ఏటా కొంత, ఏటా కొంత పెట్టి ఆ బండ మీద ఇల్లు కట్టాడు. పన్ను రసీదు మీద గుమాస్తా ఆయన పేరే రాశాడు. ఊరంతా ఆయన ఇల్లే అంది. హనీఫా కూడా ఎప్పుడూ కాదనలేదు.

"మెహర్ నువ్వు మాఫ్ చేసినవ్" అన్నాడు యాకూబ్.

"ఎప్పుడు?"

"పెండ్లయిన నాడే. నేను నిన్ను అడిగిన."

"అడిగిన్రు. నేనేమన్న?"

ఆ వైపు చాలా ఇళ్లలో అదే రివాజు. మొదటి రోజే పెళ్లికొడుకు మెహర్ మాఫ్ చెయ్యమని అడుగుతాడు. పెళ్లికూతురు తల వంచుతుంది. తల వంచితే సరేనన్నట్టే, మళ్లీ జన్మలో ఎవరూ ఆ సంగతి ఎత్తరు.

"పదారేండ్ల పిల్లను" అంది హనీఫా. "ఎరుగని ఇల్లు, ఎరుగని మనిషి. తల వంచుకోక ఏం జేస్త? తల వంచిన. మాఫ్ అని నా నోటితోని అనలె. మీరే అయిందనుకున్నరు. ముప్పై నాలుగేండ్లు అనుకోనిచ్చిన, నాకు గా జాగతోని పని పడలె. ఇయ్యాల పడ్డది."

"ఇల్లు కట్టింది నేను."

"కట్టిన్రు. మీ రెక్కల కష్టం, ఎవరు కాదంటరు? గాని గీ కాగితం అడిగింది కట్టినోళ్లను గాదు."

ఆమె కలం తీసుకుంది. చిన్నప్పుడు మదర్సాలో నేర్చుకున్న అక్షరాలు, ఏళ్ల తరబడి చెయ్యి తగలనివి. కుడినుంచి ఎడమకు, ఒక్కో అక్షరమే, నెమ్మదిగా తన పేరు రాసింది. ఉర్దూ సంతకం ఆఫీసు వాళ్లు ఒప్పుకుంటారో లేదోనని మంజులత సందేహపడింది. సంతకం ఏ భాషలో పెట్టినా సంతకమేనని తాహేరా అంది. అంటూనే బొటబొటా ఏడ్చింది. తండ్రి కాదన్నప్పుడు రాని ఏడుపు, తల్లి పేరు చూసి వచ్చింది.

"ఏడ్సుడు రైల్ల ఏడ్వుండ్రి. తొమ్మిదిన్నర అయితాంది" అని హనీఫా ఇద్దరినీ బయటికి తోసింది. వాళ్లు మిట్ట దిగిపోయేదాకా నిలబడి, తర్వాత వంటింట్లోకి పోయి పొయ్యి ముందు కూలబడింది. అయినా చేసిన పనికి పశ్చాత్తాపం మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

ఆ రోజునుంచి యాకూబ్ ఆమెతో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే గోడతో చెప్పేవాడు. ఎవరన్నా చాయ్ ఇస్తే తాగుతాననేవాడు. గోడకు చాయ్ పెట్టడం రాదు గనుక హనీఫాయే పెట్టేది. పగలంతా రైల్వే స్టేషన్ బెంచీ మీద కూర్చునేవాడు. సంతకం సంగతి రెండు రోజుల్లో ఊరంతా పాకింది. ఏమయ్యా యాకూబ్, పెండ్లాం ఇంట్ల కిరాయికి ఉంటున్నవట, నెలకెంత అని భీమయ్య బెంచీ మీదే అడిగాడట. ఆ మాట భీమయ్య భార్య సుగుణమ్మే వచ్చి హనీఫాకు చెప్పింది, నవ్వుతుందనుకుని. హనీఫాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ల మనిషిని నలుగురిలో చిన్నబుచ్చానే అని గుండె కలుక్కుమంది. సుగుణమ్మ పోయాక తలుపు వేసుకుని ఏడ్చింది. కళ్లు తుడుచుకుని ఆలోచిస్తే, మళ్లీ అదే శుక్రవారం వస్తే మళ్లీ అదే సంతకం పెడతాననిపించింది. తనకే ఆశ్చర్యమేసింది.

మే నెలాఖరుకు అనుమతి వచ్చింది. నలుగురు మనుషులు మోకులు కట్టి కంబం లేపారు. దాణా ఫ్యాక్టరీలో కంప్యూటరు ముందు మంజులత, ఇక్కడ మిద్దె మీద తాహేరా. ఆంటెన్నా వెంట్రుకవాసి తిప్పితే అక్కడ సిగ్నలు చూపే అంకె పెరగడమో తగ్గడమో అవుతుందట. ఆ అంకె మంజులత ఫోనులో చెప్పాలి, ఫోనేమో కింద గదిలో ఉంది. మధ్యలో మనిషి కావలసి వచ్చింది. హనీఫా ఒక చేత్తో ఫోను పట్టుకుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి, ముప్పై, ముప్పై రెండు, తగ్గింది, ఎడమకు తిప్పు అని రెండు గంటలు అరిచింది. ఇంటెడు చాకిరీలో ఎన్నడూ లేనంత హుషారు వచ్చింది ఆమెకు. ఆఖరికి ఫోనులో మంజులత మాట ఆగిపోయింది, వెక్కిళ్లు వినబడ్డాయి. ఏమైందే అని హనీఫా గాబరాపడితే, వచ్చింది అమ్మీ, ఆగకుండ వస్తాంది అంది. హనీఫా ఆ మాటను మిద్దె మీదికి అందించింది. తాహేరా కంబాన్ని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడి ఉంది.

నాలుగు రోజులు గడిచాయో లేదో, యాకూబ్ చెప్పినట్టే అయింది. తాహేరా హైదరాబాద్ పోయిన రోజు మధ్యాహ్నం ఒక కానిస్టేబులు సైకిలు తోసుకుంటూ మిట్ట ఎక్కి వచ్చాడు. మిట్ట మీద ముస్లింల ఇంట్లో పెద్ద వైర్‌లెస్ పెట్టారని ఎవరో పేరు లేని ఉత్తరం రాశారట. ఎస్సై చూసి రమ్మన్నాడట. ఇంటాయన ఎక్కడని అడిగాడు.

"ఇల్లు నాది. నన్నడుగుండ్రి" అంది హనీఫా.

ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని గడపలోనే నిలబడింది. లైసెన్సు, అనుమతి కాగితం, తన సంతకం ఉన్న సమ్మతి పత్రం ఒక్కొక్కటే తెచ్చి చూపించింది. ఎవరితో మాట్లాడతారు దీంతో అన్నాడతను. దాణా ఫ్యాక్టరీతోనని, కావాలంటే మేనేజరును అడగమని చెప్పింది. కానిస్టేబులు నంబర్లు చూసి రాసుకున్నాడు, ఒకటి తప్పు రాస్తే ఆమే చూసి దిద్దించింది. మళ్లీ రావలసి వస్తే మా బిడ్డ ఉన్నప్పుడు రాండ్రి, ఇంకా మంచిగ సమజ్ చేస్తదని కూడా చెప్పింది. అతను మంచినీళ్లు తాగి, కంబం వైపు తలెత్తి ఒకసారి చూసి, సైకిలు తిప్పుకున్నాడు.

అప్పుడు చూసింది హనీఫా. గేటు పక్కన యాకూబ్ నిలబడి ఉన్నాడు. స్టేషన్ నుంచి మిట్ట మీదికి పరుగెత్తాడేమో, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చేతిలో పాత పోలీసు గుర్తింపు కార్డు ఉంది. దాన్ని ఎవరికీ చూపించలేదు. కానిస్టేబులు దాటిపోయేదాకా పక్కకు తప్పుకుని నిలబడి, తర్వాత వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. హనీఫా నీళ్లిచ్చింది. సగం తాగి, చాలారోజులకు గోడ వైపు కాకుండా ఆమె వైపు చూశాడు.

"ఆలేర్ల రజాక్ వాళ్లమ్మ గూడ గిట్లనే దర్వాజ పట్టుకోని నిలబడ్డది" అన్నాడు. "ఆమె చేతిల కాగితం లేకుండె. సెట్టు పనిచేస్తదా అని నన్నడిగిన్రు. అది ఉత్త డబ్బా, దేనికి పనికిరాదు అని రాస్తె అయిపోతుండె. పొల్లగాడు అదే రోజు ఇంటికి పోతుండె. పనిచేస్తది అని రాసిన. నిజమే రాసిన. గాని రాసినంక గా తల్లి మొకం చూడలేకపోయిన."

హనీఫాకు ఇన్నేళ్లూ ఈ ముక్క తెలియదు. పోలీసులంటే భయపడుతున్నాడనుకుంది గానీ, లోపల ఇంత మోస్తున్నాడనుకోలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, ఎట్ల చెప్పను అన్నాడు.

"పోలీసులకు గాదు హనీఫా నేను బుగులుపడ్డది. నా అసొంటోడు ఒకడు వచ్చి, నా బిడ్డ మీద ఒక ముక్క రాసి పోతడేమోనని."

ఆమె ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. ఆయనవీ తుడవలేదు. సుగుణమ్మ ఎదురింటి అరుగు మీదినుంచి చూస్తోందని ఇద్దరికీ తెలుసు, అయినా లేవలేదు.

మరుసటి రోజు సాయంత్రం పడమట మబ్బు పట్టింది. దూరంగా ఉరిమింది. తాహేరా మిద్దె మీద తీగలు సర్దుతోంది. యాకూబ్ చేతులు వెనక్కి కట్టుకుని ఇంటి చుట్టూ తిరిగాడు. కంబం మీదినుంచి గోడ వెంట దిగిన రాగి తీగ ఎక్కడ భూమిలోకి పోయిందో వంగి చూశాడు. పని చేసిన వాళ్లు ఒక కడ్డీ దిగ్గొట్టారు, కింద అంతా బండ కావడంతో అది జానెడు లోతు కూడా దిగలేదు. దాన్ని పట్టుకుని ఊపితే ఊగింది. పిడుగు పడితే ఈ కడ్డీతో ఏమీ ఆగదని, కంబంతో పాటు కంప్యూటర్లూ కాలిపోతాయని, మనుషులుంటే మనుషులూ మిగలరని మిద్దె మీదికి గట్టిగా చెప్పాడు. తాహేరా పిట్టగోడ మీదినుంచి తొంగి చూసింది. మరి ఏం చెయ్యాలి అబ్బా అని అడిగింది. రెండు నెలల్లో ఆ పిల్ల తండ్రిని అడిగిన మొదటి మాట అది.

మట్టి కావాలన్నాడాయన, ఎప్పుడూ తడిగా ఉండే మట్టి. నడుం లోతు గుంత తీసి, రాగి పలక దింపి, ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా నింపాలి. ఆ బండ మీద తడిమట్టి ఉన్నది ఒక్కచోటే. బోరింగు నీళ్లు పారే మూల, రెండు బండల మధ్య సందులో, హనీఫా ఎన్నేళ్లుగానో తట్టలతో మట్టి మోసి పోసుకుని గోంగూర వేసుకుంది. యాకూబ్ గడ్డపార తెచ్చి ఆ మడి పక్కన నిలబడ్డాడు. హనీఫాను పిలిచాడు.

"ఈడ తవ్వాలె. గోంగూర పోతది. జాగా నీది." ఒక క్షణం ఆగాడు. "తవ్వమంటవా?"

పెళ్లినాటి ఆ ఒక్కసారి తప్ప ఆయన తనను ఏదైనా అడిగి చేయడం హనీఫాకు గుర్తులేదు. అలవాటు చొప్పున తల వంచుకుంది.

గడ్డపార లేవలేదు. యాకూబ్ అలాగే నిలబడి ఉన్నాడు. మొదటి చినుకు ఆయన భుజం మీద పడింది, రెండోది పడింది. ఆయన కదల్లేదు.

"తల వంచుకుంటె నాకేం సమజ్ గాదు" అన్నాడు. "నోటితోని చెప్పు. వద్దంటె వేరే ఉపాయం చూస్త."

హనీఫా తలెత్తింది. మిద్దె మీద నిలబడ్డ బిడ్డకు, ఎదురింటి అరుగు మీది సుగుణమ్మకు కూడా వినబడేంత గట్టిగా, "తవ్వుండ్రి" అంది.

యాకూబ్ గడ్డపార ఎత్తాడు.